ఎంతమందిల?

అలంపూర్ చౌరస్తా పక్కన
రేకుల షెడ్డు కింద మూడో పీరియడ్, అర్థశాస్త్రం.
కరెంటు పోయింది.
ఫ్యాను ఆఖరి చుట్టు తిరిగి, జరంత ఆలోచించి, ఆగింది.

బోర్డు మీద నేను కడ్డీలు గీస్తున్న.
ఏ దేశం పిల్లలు ఎందరు
పరాయి దేశంల చదువుతున్నరో ఆ పటం.
చైనాకు సుద్దముక్క సగం అరిగింది,
మనకు మిగిలిన సగం.
లక్సెంబర్గుకు గోటితో గీకితే సరిపాయె.
"మనది రెండో నంబరు" అన్న,
క్రికెట్ స్కోరు చెప్పినట్టు.
వెనక బెంచీల మద్దిలేటి చప్పట్లు కొట్టిండు.

జములమ్మ లేచి నిలబడ్డది.
(టెన్త్ మెమోల "జమున" అని మార్పిస్తమంటె
వద్దన్న పిల్ల.)
"ఎంతమందిల, సార్?"

"అంటె?"

"నూరిండ్లల్ల పది ఎడ్లుంటె ఒక లెక్క,
పదిండ్లల్ల పది ఎడ్లుంటె ఇంకో లెక్క కద."

మిరప యార్డుల కాంటా మీదికెల్లి
సంచి బరువు తీసెయ్యమన్నట్టు అడిగింది.
పదకొండేండ్ల నుంచి ఇదే పటం గీస్తున్న,
ఎవ్వరూ సంచి బరువు అడగలే.

తుడిచిన. భాగారం చేసిన.
చైనా కుంగింది.
మనది ఇంకా కుంగి
వరి కోసినంక మిగిలిన కొయ్యకాలంత అయ్యింది.
లక్సెంబర్గు లేచింది, లేచింది,
బోర్డు చాలక సున్నం గోడెక్కింది.

మద్దిలేటి చేతులు ఒళ్లె పెట్టుకున్నడు.
"వాళ్లకు అంత తెలివా, సార్?"

తెలివి గాదు. చెయ్యి చాపితే సరిహద్దు తగిలేటంత దేశం.
పొద్దున రైలెక్కితె
టిఫిన్ డబ్బా చల్లారకముందే ఇంకో దేశం.
మాపటికి మళ్ల ఇల్లు.

"అయితె మా లెక్కనే" అన్నది షాహీన్.

వాళ్ల గౌసన్న కర్నూల్ల చదివిండు,
ఆరో తరగతి కెల్లి డిగ్రీ దాంక.
పుల్లూరు టోలు, తుంగభద్ర బ్రిడ్జి, పావుగంట.
నడుమల రాష్ట్రం రెండయ్యింది,
బస్ పాస్ అదే.
రోగమొచ్చిన ఏడు మాత్రం
బ్రిడ్జి మొగన పోలీసులు కట్టె అడ్డం పెట్టిన్రు,
హాల్ టికెట్ చూపిచ్చి దాటిండు.
మొన్న ఇక్కడ నౌకరికి కాయితం పెడితె
నాన్ లోకల్ అన్నరు.
నీళ్లు తక్కువున్ననాడు మా బర్రెలు
అవతలికి పోయి మేసొస్తయి,
వాటినైతె ఎవరూ అడగరు.

"మా అన్నను ఏ కడ్డీల కలుపుతరు, సార్?"

పటం వెతికిన.
దేశాలకు దేశాలకు నడుమ గీతలున్నయి గని
ఒక దేశం లోపల దాటినోనికి
పెన్సిల్ గీతంత జాగ గూడ లేదు.

మాట తప్పియ్యనీకి రిజిస్టర్ తెరిచిన.
నలభై ఆరు పేర్లు.
ఎదురుంగ పందొమ్మిది మొకాలు.
"మిగిలినోళ్లేరి?"
"క్రాసింగుకు పోయిన్రు, సార్."

ఈ నడిగడ్డల ఆ మాటకు సరిహద్దుతో పనిలేదు.
సీడు పత్తి.
సాయంత్రం మొగ్గ గిల్లాలె,
పొద్దున ఎండ ముదరకముందే
మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రుద్దాలె.
పాసుపోర్టు లేకుండ
మా పిల్లలు చేసే క్రాసింగు అది.
వేళ్లకంటిన పసుపు
పరీక్షల నాటికి గూడ పోదు,
ఆన్సర్ షీట్ల అంచులకు నేను చూసిన.

"రేపటికెల్లి నేను గూడ రాను, సార్.
ఇరవై దినాలు"
అన్నది జములమ్మ, కూసుంటూ,
బస్సు టైం చెప్పినంత మామూలుగ.

ఏమన్న అనాలె గద నేను.
అనలే.
కరెంటొచ్చింది. సుద్దపొడి లేచి
అందరి నెత్తిన ఇంతింత పడ్డది.

జములమ్మ తల దించి
బోర్డు మీదున్న భాగారం నోటుల ఎక్కిస్తున్నది,
ఇరవై దినాలకు సరిపోను.
నాలెక్క గాదు,
గీత కింద అంకె ముందు రాస్తున్నది,
గీత పైది తర్వాత.